ఎర్రగడ్డ మీద రెండు ఆసుపత్రులు

మన వైద్య చరిత్ర: 17వ భాగం

అమీర్‌పేట మైత్రీవనం కూడలిలో గోడ కనపడకుండా కోచింగ్ బోర్డులు ఉంటాయి. జావా, ఒరాకిల్, శాప్, డేటా సైన్స్. శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ వచ్చిన పిల్లలు హాస్టల్లో గదికి నలుగురు చొప్పున సర్దుకుని, ఉద్యోగం వచ్చేదాకా కోర్సు మీద కోర్సు చేస్తుంటారు. ఆ గదుల్లో ఒకడు వారం రోజులుగా నిద్రపోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే పక్క మంచం మీది స్నేహితుడు అలవాటుగా అనే మాట ఒకటుంది: "ఏరా, ఎర్రగడ్డ తీసుకెళ్లాలా ఏంటి?" విశాఖపట్నంలో అయితే ఇదే మాటలో ఎర్రగడ్డ బదులు చినవాల్తేరు వినిపిస్తుంది. ఉస్మానియాకి పంపిస్తానని ఎవరూ ఎవర్నీ వెక్కిరించరు. మైత్రీవనం నుంచి పంజగుట్ట వైపు ఒక్క మెట్రో స్టేషన్ దూరంలో ఉన్న నిమ్స్‌లో చూపించుకున్నామని నలుగురికీ చెప్పుకుంటాం. అటు మియాపూర్ వైపు మూడు స్టేషన్ల దూరంలో ఉన్న మానసిక ఆసుపత్రి పేరు మాత్రం తిట్టయి కూర్చుంది. తప్పు జనం నోటిదేనని సరిపెట్టుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్టు. మన దేశంలో మానసిక వైద్యుడి చేతికి మందుకన్నా ముందు తాళంచెవి వచ్చింది. జనం భయపడింది ఆ తాళంచెవికి. అది చేజారి అతను మామూలు వైద్యుడిగా మన మధ్యకు రావడానికి వందేళ్లు పట్టింది, ఆ ప్రయాణం ఇంకా పూర్తి కాలేదు. ఈ భాగంలో చెప్పదలచుకున్నది అదే.

ఎర్రగడ్డ ఆసుపత్రి పుట్టింది ఎర్రగడ్డలో కాదు. నిజాం ప్రభుత్వం గత శతాబ్దం తొలి దశకంలో దాన్ని జాల్నాలో నెలకొల్పింది. జాల్నా అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనే, ఔరంగాబాద్ జిల్లాలో ఉండేది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే మీటర్‌గేజ్ లైను మీద నాలుగొందల కిలోమీటర్లు దాటాక వచ్చే ఊరు. నల్లగొండలోనో పాలమూరులోనో ఉన్న రైతు కుటుంబం తమ మనిషిని అక్కడ వదిలాక ఏడాదికి ఎన్నిసార్లు చూసి రాగలదో ఊహించుకోవచ్చు. దూరం ఒక్కటే కాదు, భాష సంగతి కూడా ఉంది. కాలు విరిగిన రోగికి డాక్టరు భాష రాకపోయినా కట్టు కట్టించుకోవచ్చు. మనసు చెదిరిన రోగి దగ్గర వైద్యుడికి ఉన్న ప్రధానమైన పనిముట్టు మాటే. ఉర్దూలో రికార్డులు రాసి, చుట్టూ మరాఠీ మాట్లాడే ఊళ్లో తెలుగు తప్ప మరో భాష రాని మనిషి ఏం చెప్పుకుని ఉంటాడు? 1953లో ఆసుపత్రిని ఎర్రగడ్డకు తరలించారు. మూడేళ్లకు రాష్ట్రాల పునర్విభజన జరిగి జాల్నా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. ఎర్రగడ్డ కూడా ఆనాటికి ఊరి బయటే. ఊరు పెరిగి పెరిగి ఆసుపత్రిని తనలో కలుపుకుంది తప్ప, ఊళ్లో ఉండాలని ఎవరూ దాన్ని కట్టలేదు.

బ్రిటిష్ పాలనలో ఉన్న తెలుగు జిల్లాల్లోనూ తేడా పెద్దగా లేదు. 1858లో ఒక చట్టం, 1912లో ఇండియన్ ల్యూనసీ యాక్ట్ వచ్చాయి. రెంటిలోనూ అసలు ప్రశ్న ఒకటే: ఎవర్ని లోపల పెట్టాలి, ఎవరి ఉత్తర్వు మీద పెట్టాలి? వీధిలో తిరిగే మనిషిని పోలీసులు తెచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, వైద్యుడు సర్టిఫికెట్ రాస్తాడు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు. వైద్యుడి సంతకం చికిత్సకు మొదలు కావడం లేదు, నిర్బంధానికి సాక్ష్యం అవుతోంది. 1920 ప్రాంతంలో 'అసైలం' అన్న పేరు తీసి 'మెంటల్ హాస్పిటల్' అని మార్చారు. బోర్డు మారింది, చట్టం మారలేదు. ఆ 1912 చట్టమే స్వతంత్ర భారతంలో 1993 ఏప్రిల్ 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చేవరకూ నడిచింది. అంటే 81 ఏళ్లు! 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే 40 కోట్ల జనాభాకు మానసిక ఆసుపత్రుల్లో ఉన్న పడకలు 10,181. దాదాపు 40 వేల మందికి ఒకటి. ఇంగ్లండులో అప్పటికి 300 మందికి ఒకటి ఉంది. అన్ని వేల మందికి ఒకే పడక ఉన్నప్పుడు అందులోకి చేరేది చికిత్సతో త్వరగా కోలుకోగల రోగి కాదు, ఇంటికీ వీధికీ భరించరానివాడైన రోగి. అలాంటివాళ్లే కనిపించే చోట వైద్యుడు కూడా కాపలాదారుగానే కనిపిస్తాడు.

ఇక్కడ ఎర్రగడ్డ పొరుగును గుర్తు చేసుకోవాలి. మానసిక ఆసుపత్రికి దగ్గర్లోనే ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. పాతతరం వాళ్ల నోట అది ఇప్పటికీ టీబీ ఆసుపత్రే. ఈ రెండూ ఒకచోట చేరడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. క్షయనూ పిచ్చినీ సమాజం ఒకే కంటితో చూసింది: వంశానికి మచ్చ, పెళ్లి సంబంధాలకు అడ్డు, ఊరికి దూరంగా ఉంచాల్సిన వ్యవహారం. క్షయ కథ మారిన తీరు గత భాగంలో చూశాం. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నారు, 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఆ తర్వాత మద్రాసులోని క్షయ కీమోథెరపీ కేంద్రం పేదవాడల నుంచి 193 మంది రోగుల్ని తీసుకుని, కొందరిని శానిటోరియంలో, మిగిలినవాళ్లను వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చి చూసింది. 1959లో వెలువడిన ఫలితం ప్రపంచాన్నే ఆశ్చర్యపరిచింది. శానిటోరియంలో మంచి తిండీ విశ్రాంతీ దొరికినవాళ్లతో సమానంగా ఇంట్లో ఉన్నవాళ్లకూ నయమైంది. రోగితో కలిసి ఉన్న ఇంటివాళ్లకు జబ్బు అదనంగా అంటుకోలేదని తర్వాతి పరిశీలనలో తేలింది. శానిటోరియాల యుగం అక్కడితో ముగిసింది. క్షయ నిపుణుడి విలువ మాత్రం తగ్గలేదు. అతను గేటు దగ్గర్నుంచి లేచి, రోగ నిర్ధారణ చేసేవాడిగా, మందుల క్రమం నిర్ణయించేవాడిగా, మొండికేసిన కేసులు చూసేవాడిగా, ఆరోగ్య కార్యకర్తలకు నేర్పేవాడిగా మారాడు. మానసిక వైద్యుడి పాత్ర ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ పొరుగు ఆసుపత్రినే చూపిస్తాను.

ఈ రెండు జబ్బుల చుట్టరికం అంతటితో ఆగలేదు. 1952లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో సీవ్యూ ఆసుపత్రి క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ ఇస్తుంటే, ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచి, మంచాన పడి ఉన్నవాళ్లు లేచి నవ్వడం, ఆకలిగా తినడం వైద్యుల కంటపడింది. దిగులుకు వాడిన తొలి మందుల్లో ఒకటి అలా టీబీ వార్డులో దొరికింది. అదే ఏడాది పారిస్‌లో డిలే, డెనికర్ అనే ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చి ఉన్మాద రోగుల్ని శాంతపరచగలిగారు. మన దేశంలో లార్గాక్టిల్ పేరుతో తెలిసిన మందు ఇదే. వీటికి 20 ఏళ్ల ముందే, 1931లో, కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధి వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పనిచేస్తుందని రాశారు. మన నాటువైద్యులకు తరాలుగా తెలిసిన ఆ వేరు నుంచే 1952లో రిసెర్పిన్‌ను వేరుచేశారు. అంటే ఎర్రగడ్డలో ఆసుపత్రి తలుపులు తెరిచేనాటికి, గొలుసు బదులు ఇవ్వగలిగిన మందు లోకంలోకి వచ్చేసింది. మరి ఆ తలుపులు బయటివైపు ఎందుకు తెరుచుకోలేదు?

మందు వచ్చినంత వేగంగా చట్టం మారలేదు, వైద్యుడు కూర్చునే చోటూ మారలేదు. నా దృష్టిలో కారణం ఇదే. దారి తెలియక కాదు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1933లోనే సాధారణ ఆసుపత్రిలో మానసిక రోగుల ఓపీ తెరిచాడు. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లో రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి ఉంచుకున్నాడు. తల్లీ తండ్రీ పక్కనే ఉండడంతో రోగి త్వరగా తేరుకున్నాడు, ఇంటికి తిరిగి వెళ్లాడు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1980ల తొలినాళ్లలో స్కిజోఫ్రేనియా రోగుల్ని రెండుగా విభజించి, కొందరిని వార్డులో చేర్చారు, కొందరి ఇళ్లకు శిక్షణ పొందిన నర్సును పంపారు. ఇంట్లో ఉన్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు, ఖర్చూ తగ్గింది. మద్రాసు క్షయ ప్రయోగానికి ఇది తోబుట్టువు. మన సరిహద్దులో, తెలుగువాళ్లు ఎందరో ఉన్న బళ్లారి జిల్లాలో 1980ల్లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక వైద్యం అందించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దేశం మొత్తం మీద తొలి విడతకు ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అయినా 1999లో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని మానసిక ఆసుపత్రుల్ని పరిశీలిస్తే, 38 శాతం అప్పటికీ జైలు కట్టడంలోనే ఉన్నాయి. రెండేళ్లకు, 2001 ఆగస్టు 6న, తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ఆశ్రయంలో మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. అక్కడ మానసిక వైద్యుడు లేడు. వైద్యుడు ఉన్నచోట తాళం, లేనిచోట గొలుసు. ఆనాటి రోగికి ఈ రెండే దక్కాయి.

ఈ పోలిక మీద మొదటి అభ్యంతరం నాకు తెలుసు. క్షయకు క్రిమి ఉంది, సూక్ష్మదర్శినిలో కనపడుతుంది, ఎక్స్‌రేలో మచ్చ పడుతుంది. మనసు జబ్బుకు ఏముంది, డాక్టరు అనుకోవడం తప్ప? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి జవాబు 2020 మార్చి చివర్లో ఎర్రగడ్డ ఓపీలోనే దొరుకుతుంది. లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలూ కల్లు కాంపౌండ్లూ మూతపడ్డాయి. కొద్దిరోజుల్లోనే ఆసుపత్రి ముందు జనం. ఇరవయ్యేళ్లుగా తాగుతున్న మనిషికి తాగుడు ఒక్కసారిగా ఆగితే మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో మూడో రోజుకు దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతుంటాడు, భార్యను గుర్తుపట్టడు, గోడతో మాట్లాడతాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, లేదా పిచ్చెక్కిందంటారు. మానసిక వైద్యుడు ముందు అతని నాడి, జ్వరం, కళ్ల కదలిక చూస్తాడు. ఇవాళ ఏ వారం, మనం ఎక్కడున్నాం అని అడుగుతాడు. ఉన్మాద రోగి సాధారణంగా వీటికి సరిగ్గానే చెప్పగలడు. ఇతను చెప్పలేడు. స్పృహే మసకబారింది. అది పిచ్చి కాదు, ప్రాణం తీయగల శారీరక అత్యవసరం. గ్లూకోజ్ ఎక్కించే ముందే బీ1 విటమిన్ ఇంజక్షన్ పడాలి. తలకిందులు చేస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. తర్వాత నిద్రమందుల జాతి మందును మోతాదు తగ్గించుకుంటూ కొన్ని రోజులు ఇవ్వాలి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగిందీ ఇదే. కల్లులో కలిపిన డైజిపామ్, అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆగిపోయి ఊళ్లకు ఊళ్లు వణికాయి. ఆ వారాల్లో ఎన్ని ప్రాణాలు దక్కాయన్నది ఆ తేడా గుర్తుపట్టే కన్ను ఎక్కడ అందుబాటులో ఉందన్న దాని మీద ఆధారపడింది.

ఆ కన్ను ఉన్నందుకే మానసిక వైద్యుడు ముందు ఎంబీబీఎస్ చదివి, తర్వాత సైకియాట్రీలో ఎండీ చేస్తాడు. దిగులుగా ఉన్న గృహిణికి థైరాయిడ్ తగ్గిందేమో చూడాలి. ఉన్నట్టుండి వింతగా ప్రవర్తిస్తున్న ముసలాయనకు ఒంట్లో సోడియం పడిపోయిందేమో చూడాలి. మొండి క్షయకు వాడే సైక్లోసెరిన్ కొందరిలో భ్రాంతులు పుట్టిస్తుంది. అంటే ఛాతీ ఆసుపత్రి రోగికి పక్క ఆసుపత్రి వైద్యుడి అవసరం పడుతుంది. క్రిమి కనపడకపోయినా రోగ నిర్ధారణ ఊహాగానం కాదు. మైగ్రేన్‌ను చూపించే ఎక్స్‌రే కూడా లేదు, రోగి చెప్పే తీరును బట్టే గుర్తిస్తాం. దాన్ని ఎవరూ డాక్టరు అనుకోవడమని కొట్టిపారేయడం లేదు కదా.

రెండో అభ్యంతరం మైత్రీవనంలో ఎక్కువగా వినపడేది. మాట్లాడి ధైర్యం చెబితే పోయేదానికి మందులెందుకు, కౌన్సెలర్ చాలడా? చాలాసార్లు చాలు, ఈ మాటను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇంటర్వ్యూల్లో వరుసగా విఫలమై కుంగిన కుర్రాడికి మంచి క్లినికల్ సైకాలజిస్టు చేసే మేలు ఏ మాత్రా చేయలేకపోవచ్చు. కానీ ఆ కుర్రాడికే వారం రోజులుగా నిద్ర అక్కర్లేకుండా పోయి, జేబులో డబ్బు లేకపోయినా కంపెనీ పెడుతున్నానని తెల్లవార్లూ మాట్లాడుతుంటే అది ధైర్యం చెప్పే వ్యవహారం కాదు. అది మేనియా. లిథియం లాంటి మందు కావాలి. అది 1949 నుంచి వాడుకలో ఉంది, ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది. రక్తంలో దాని మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ క్రమంగా పరీక్షించకుండా ఇస్తే అదే విషమవుతుంది. మందు రాసే హక్కు అధికారం కోసం ఇచ్చింది కాదు, ఈ బాధ్యత కోసం ఇచ్చింది. మందులన్నీ అలవాటు పడతాయన్న భయం కూడా సగమే నిజం. అల్ప్రాజోలం అలవాటు పడుతుంది, అందుకే దాన్ని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో పెట్టి మందుల షాపులో రిజిస్టర్‌లో రాయాలన్నారు. దిగులుకూ స్కిజోఫ్రేనియాకూ వాడేవాటికి ఆ యావ ఉండదు, వాటినీ వైద్యుడు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలంతే. విచారకరమేమిటంటే జనం భయపడి మానేసేది రెండో రకం, చీటీ లేకుండా షాపులో అడిగి మింగేది మొదటి రకం.

మూడో అభ్యంతరం నిజాయితీ గలది, బరువైనది. అప్పుల్లో మునిగిన రైతుకూ, ఫలితాల రోజు కూలిపోయిన ఇంటర్ విద్యార్థికీ కావలసింది న్యాయం, మాత్ర కాదు. నిజమే. పంట ధర రాకపోవడం రోగం కాదు, దానికి మందుచీటీ రాయబోయే వైద్యుడు తన హద్దు దాటినట్టే. కానీ కారణం సమాజంలో ఉన్నంత మాత్రాన గాయం మనిషిలో ఉండదా? లారీ గుద్దడానికి కారణం గుంతల రోడ్డే కావచ్చు. రోడ్డు బాగుచేయమని పోరాడాల్సిందే, ఆలోగా విరిగిన ఎముకకు కట్టు కట్టకుండా ఆగలేం.

నాలుగోది వైద్యుల మీద నమ్మకానికి సంబంధించింది. దాన్ని చరిత్రే బలపరుస్తుంది. మెదడు నరాలు కోసే లోబోటమీకి 1949లో నోబెల్ బహుమతి ఇచ్చారు. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని ప్రశ్నించినవాళ్లకు పిచ్చి అని రాసిచ్చిన వైద్యులున్నారు. స్వలింగ ప్రేమను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1990లో. ఇవన్నీ మానసిక వైద్యం పేరుతో జరిగిన తప్పులు. వాటిని దాచడం వల్ల నమ్మకం రాదు. దీనికి విరుగుడు వైద్యుణ్ణి తొలగించడం కాదు, అతని చేతిలోని తాళంచెవి మీద నిఘా పెట్టడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసిన ఉపకారం అదే. రోగి తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని నియమించుకోవచ్చు. ఇష్టం లేకుండా చేర్చుకుంటే సమీక్షా బోర్డుకు చెప్పాలి. మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ ఇవ్వడం నిషేధం. సినిమాల్లో చూపించే షాక్ సీను ఇప్పుడు చట్టరీత్యా నేరమని ఎందరికి తెలుసు? ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలే గాని శిక్షించకూడదని కూడా అదే చట్టం చెప్పింది. అలాగని ఆసుపత్రులన్నీ మూసేద్దామనే వాదన మరో చివర. అమెరికా 1955లో దాదాపు 5.6 లక్షల మందిని మానసిక ఆసుపత్రుల్లో ఉంచింది, తర్వాత వార్డులు ఖాళీ చేసింది. బస్తీల్లో క్లినిక్కులు మాత్రం సరిపడా కట్టలేదు. చాలామంది ఫుట్‌పాత్‌ల మీదా జైళ్లలోనూ తేలారు.

ఇక మిగిలింది అంకెల సంగతి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. మన లెక్క మనకు లేకపోవడం చిన్న లోపం కాదు. దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. కాబట్టి ప్రతి దిగులునూ అతని గది ముందు వరుసలో నిలబెట్టడం జరిగే పని కాదు, జరగాల్సిన పని కూడా కాదు. గోవాలో సాధారణ యువతులకు కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి ప్రాథమిక కేంద్రాల్లో కూర్చోబెడితే, ప్రభుత్వ కేంద్రాలకు వచ్చిన దిగులు, ఆందోళన రోగులు ఎక్కువమంది కోలుకున్నారని 2010లో వెలువడిన పరిశోధన చూపింది. వాళ్ల వెనక మానసిక వైద్యుడు ఉన్నాడు, కష్టమైన కేసు అతని దగ్గరకు వెళ్లింది. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు చేతిలో టాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపిన ప్రయోగం కూడా ఆ దారిలోదే. ఆశా మొదట గుర్తుపడుతుంది, పీహెచ్‌సీ డాక్టరు మందు మొదలుపెడతాడు, సైకాలజిస్టు మాట్లాడతాడు. అందరికీ నేర్పి, తప్పు దిద్ది, కొరకరాని కేసును తను తీసుకునేవాడు మానసిక వైద్యుడు. క్షయ నిపుణుడు 60 ఏళ్ల కిందట చేరిన చోటు అదే. ప్రతి జిల్లా ఆసుపత్రిలో, చర్మ వైద్యుడి గదికీ కంటి వైద్యుడి గదికీ మధ్య అతని గది ఉండాలి.

ఈలోగా మనం చేయగలిగింది ఉంది. పక్క మంచం మీది కుర్రాడు రెండు వారాలుగా నిద్రపోవడం లేదన్నా, బతకాలని లేదన్నా వెక్కిరించకండి, ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నేరుగా వైద్యుడికే చూపించాలనిపిస్తే అతనితో పాటు మీరూ అమీర్‌పేటలో మెట్రో ఎక్కండి. ఎర్రగడ్డ మూడో స్టేషన్.